నాన్న సైకిలు వెనక నా కారు

మొన్నొక సాయంత్రం పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఎవరో నా కారు అద్దం మీద వేలితో టకటకా కొట్టారు. చూస్తే సైకిలు మీద ఒక కుర్రాడు. నెత్తిన హెల్మెట్, కళ్లకు రంగుటద్దాలు, ఒంటికి అంటుకుపోయిన బట్టలు, సైకిలుకి వెనకొక ఎర్రదీపం, ముందొక తెల్లదీపం. ఏదో అడ్రసు అడుగుతాడేమోనని అద్దం దించాను. "మేడమ్, సైకిల్ పక్కనుంచి వెళ్లేటప్పుడు కొంచెం గ్యాప్ ఇవ్వాలి. ఇందాక మీరు నాకు చాలా క్లోజ్‌గా వచ్చారు" అన్నాడు, మర్యాదగానే. సారీ చెబుదామని నోరు తెరిచాను. సారీకి బదులు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసినకొద్దీ ఎక్కువైంది. ఆ అబ్బాయి నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పచ్చలైటు పడగానే చక్కా పోయాడు. వెనకవాళ్లు హారన్లు మోగిస్తున్నా నేనింకా నవ్వుతూనే ఉన్నాను. సైకిలుకి ఎంత దూరం వదలాలో నాకు నేర్పినంత కఠినంగా ఈ నగరంలో ఇంకెవరికీ నేర్పి ఉండరు. ఆ సంగతి ఆ అబ్బాయికెలా తెలుస్తుంది!

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా ఇల్లు అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఒక సందులో ఉండేది. పై వాటా మాది, కింద వాటా ఇంటివాళ్లది. ఇంటాయన యాదగిరి సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం నుంచి వచ్చి, సందు మొగలో టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. కంప్యూటరు కోర్సులు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు చుట్టుపక్కల ప్రతి గదిలోనూ కిక్కిరిసి ఉండేవారు. వాళ్లందరికీ ఇంటర్వ్యూ ప్యాంట్లు కుట్టేది ఆయనే. ఎవరికైనా ఉద్యోగం వస్తే అందులో సగం ఘనత తన కత్తెరదే అని చెప్పుకునేవాడు. మా సందులో జిరాక్స్ మిషన్ల వేడి వాసనా, బజ్జీల నూనె వాసనా రోజంతా కలిసి తిరుగుతుండేవి. పొద్దున్నే మాత్రం వాటికంటే ముందు మా మెట్ల కింద కొబ్బరినూనె వాసన లేచేది. అది నాన్న సైకిలుది.

తెనాలి దగ్గర్నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు నాన్న రైల్లో వేసుకుని తెచ్చుకున్న సైకిలది. కాఫీ కూడా తాగకముందే మెట్లు దిగి, అమ్మ పాతచీర ముక్కతో దాన్ని ఊచ ఊచా తుడిచేవాడు. మెరిసే భాగాలకు కొబ్బరినూనె, చైనుకి వేరే నూనె. అమ్మకి తలకి రాసుకునే నూనె ఎప్పుడూ సగమే మిగిలేది. "నా జుట్టు కంటే దాని హ్యాండిలే ఒత్తుగా ఉంది" అని గొణిగేది. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ సనత్‌నగర్‌లో, దాని ఆఫీసు పంజగుట్టలో. స్టోర్స్ చూసేవాడు కాబట్టి రెండుచోట్లా పనుండేది. పొద్దున సనత్‌నగర్, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, అది కాగానే పంజగుట్ట, చీకటిపడే వేళకు మళ్లీ ఇల్లు. బయల్దేరేముందు ప్యాంటు కాళ్లు చైనులో పడకుండా చీలమండల దగ్గర స్టీలు క్లిప్పులు పెట్టుకునేవాడు. ఆ క్లిప్పులు కనపడకపోతే ఇల్లంతా పీకి పందిరేసేవాడు. చివరికవి కాళ్లకే ఉండేవి.

కారువాళ్లంటే నాన్న దృష్టిలో ఒక ప్రత్యేకమైన జాతి. రాత్రి అన్నంలో చారు పోసుకుంటూ "ఇవాళ ఒకడు..." అని మొదలుపెట్టేవాడు. ఆ ఒకడు ఎప్పుడూ కారువాడే. ఒకడు చూడకుండా తలుపు తీశాడు. ఒకడు బురదగుంటలోంచి పోనిచ్చి చొక్కా పాడుచేశాడు. ఒకడు వెనకాల హారన్ కొట్టీ కొట్టీ, తీరా పక్కకి తప్పుకుంటే ముందుకు పోకుండా పాన్‌డబ్బా దగ్గర ఆపేసుకున్నాడు. "పాన్ కోసమటే, పాన్ కోసం! ఆసుపత్రికి పోతున్నాడేమో పాపం అనుకున్నా" అని నాన్న కంచం ముందు చేతులు ఊపేవాడు. అమ్మ ఊఁ కొడుతూ పెరుగు వడ్డించేది. పెరుగన్నం పూర్తయ్యేసరికి ఆ జాతి మొత్తానికి శిక్ష పడిపోయేది. నేను చిన్నప్పట్నుంచీ ఆ తీర్పులు వింటూ పెరిగినదాన్ని.

అలాంటి ఇంట్లో నేను కారు కొంటానన్నాను. మైత్రీవనంలోనే కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం తెచ్చుకున్నాను. బస్సుల్లో వేలాడి వేలాడి విసుగెత్తిన సమయంలో మా టీమ్ లీడర్ పెద్దకారు కొనుక్కుంటూ తన తెల్ల చిన్నకారు తీసుకోమన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చారు పోసుకుంటున్న నాన్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. "మనమా?" అన్నాడు. మేం ఏదో మతం మార్చుకుంటున్నట్టు. అమ్మ మాత్రం "ముందు సీటు నాది" అంది, ఇంకెవరైనా అడుగుతారేమోనన్న కంగారుతో. నాన్న చాలాసేపు చారన్నం కలుపుతూ కూర్చుని, "కొనుక్కో తల్లీ, నీ సంపాదన, నీ ఇష్టం. నేను మాత్రం ఎక్కను" అన్నాడు. ఎందుకని అడిగితే "కారెక్కినవాడికి రోడ్డు కనపడదు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఊళ్లోవాళ్లందర్నీ ఎక్కించుకు తిప్పినా నాన్న ఎక్కకపోతే అది నా కారు ఎలా అవుతుంది? అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాను, ఎప్పటికైనా ఈయన్ని పక్కసీట్లో కూర్చోబెట్టి తీరాలని.

డ్రైవింగ్ నేర్పడానికి ఖాదర్ భాయ్ దొరికాడు. మా సందుకి నాలుగడుగుల్లో ఆయన డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక కుర్చీ, ఒక బల్ల, బయట ఒక కారు. ఆ కారులో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. మొదటిరోజే నేను వణుకుతుంటే ఖాదర్ భాయ్ "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. మీరు పైన స్టీరింగ్ చూస్కోండ్రి, కింద సంగతి నేను చూస్కుంట" అన్నాడు. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. నెలరోజులు మేమిద్దరం అలా పని పంచుకుని అమీర్‌పేటంతా తిరిగాం. ఎదురుగా ఆటో వచ్చినా, ఆవు అడ్డం నిలబడ్డా కారు ఎంత అణకువగా ఆగేదో! నేను పెడల్ మీద పాదం ఆనించేదాన్ని, కారు ఆగేది. దానికీ దీనికీ సంబంధం ఉందనే అనుకున్నాను. లైసెన్సు కూడా వచ్చేసింది.

నా కారు ఇంటికొచ్చిన రోజు పొద్దున్నే అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. యాదగిరి బాబాయ్ టేపు మెడలో వేసుకునే వచ్చి నిలబడ్డాడు. నాన్న పైన పిట్టగోడ దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అమ్మ పట్టుచీర సర్దుకుని ముందుసీట్లో కూర్చుంది. "కొంచెం ముందుకు పోనియ్యి, నిమ్మకాయలు నలగాలి" అంది. పోనిచ్చాను. నిమ్మకాయలు నలిగాయి. ఇక ఆగాలి కదా. నేను అలవాటు ప్రకారం పాదం ఆనించి, ఆగుతుందని ఎదురుచూశాను. ఆగలేదు. ఆగుతుందిలే అనుకున్నాను. అమ్మ "లల్లీ, నిమ్మకాయలు అయిపోయాయే" అంటోంది. కారు మర్యాదగా, తొందరేమీ లేకుండా, మెట్ల పక్క గోడ దాకా నడిచి వెళ్లి అక్కడ ఆగింది. గోడకీ కారుకీ మధ్య నాన్న సైకిలుంది.

నాన్న మెట్లు దిగి వచ్చాడు. సైకిలు ముందుచక్రం నూనెలో వేసిన అప్పడంలా వంకర్లు తిరిగిపోయింది. యాదగిరి బాబాయ్‌కి ఆ నిశ్శబ్దం భరించడం చేతకాలేదు. "గోడ మస్తు గట్టిది సార్, ఏం గాలే. సైకిల్‌కే జర దెబ్బ తాకింది" అన్నాడు. ఎవరూ పలక్కపోయేసరికి అమ్మవైపు తిరిగి "నిమ్మకాయలైతే మంచిగ నలిగినయి అక్కా" అన్నాడు. నాన్న నన్ను ఒక్కమాట తిట్టలేదు. చక్రాన్ని ఒకసారి నిమిరి, "దాని మీద మనిషి లేడు కాబట్టి సరిపోయింది" అని, సైకిలు భుజాన వేసుకుని రిపేరుకి నడిచి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

నేను తిన్నగా ఖాదర్ భాయ్ దగ్గరికి పోయాను. "నెలంతా బ్రేక్ ఎవరు వేశారు భాయ్?" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "నేనే గద మేడమ్, ఇంకెవలేస్తరు? కింద సంగతి నాదని ముందుగాల్నే చెప్పిన గద" అన్నాడు. ఆ మాటా నిజమే. పాపం మంచివాడు, మళ్లీ కొన్నాళ్లు ఊరికే నేర్పాడు. ఈసారి కాళ్లు పైకి తీసి సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు, పొరపాటున కూడా పెడల్‌కి తగలకుండా. జపం చేసుకునే మునిలా ఆయన పక్కనుండగా నేను బ్రేకు వేయడం నేర్చుకున్నాను. అప్పటికైనా నా భయం పోయి ఉండాలి. పోలేదు. వెనకనుంచి చూస్తే సైకిలు తొక్కే మగవాళ్లంతా ఒక్కలాగే ఉంటారు. కొంచెం వంగిన వీపు, చెమటకి అంటుకున్న చొక్కా, పైకీ కిందకీ ఆడే మడమలు. ఎవర్ని చూసినా నాకు నాన్నే కనిపించేవాడు. ఆ ఒక్కమాటే చెవుల్లో వినిపించేది, దాని మీద మనిషి లేడు కాబట్టి సరిపోయింది అని. సైకిలు కనపడగానే బ్రేకు మీద నిలబడిపోయేదాన్ని. కొన్నాళ్లకు తాళాలు మేకుకి తగిలించి మళ్లీ బస్సెక్కాను. కారు గోడపక్కన ముసుగు తన్ని పడుకుంది. అమ్మ మాత్రం రోజూ దాని మీద దుమ్ము దులిపి, తలుపు తీసి ముందుసీట్లో కాసేపు కూర్చుని చిక్కుళ్లు వలుచుకునేది.

ఒక ఆదివారం పొద్దున నాన్న సైకిలు తుడవడం ముగించి, గుడ్డ ఉతికి ఆరేసి, పైకి చూసి "లల్లీ, తాళాలు తీసుకుని కిందికి రా" అన్నాడు. దిగి వెళ్లాను. కాళ్లకు క్లిప్పులు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసుకి పోతున్నంత ఠీవిగా ఉన్నాడు. "నేను ముందు పోతాను, నువ్వు నా వెనక రా. పంజగుట్ట దాకా వెళ్లి వద్దాం. హారన్ మాత్రం కొట్టకూడదు. హారన్ కొడితే సైకిలువాడు తప్పుకోడు, ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడ్డవాడు ఎటు పడతాడో వాడికే తెలీదు."

"నువ్వు ఉన్నట్టుండి ఆగితే?"

"నువ్వూ ఆగు."

"ఆగలేకపోతే?"

"మీ అమ్మకి చెప్పే వచ్చాలే" అని సైకిలెక్కాడు.

అలా మొదలైంది మా ఊరేగింపు. ముందు నాన్న, నిటారుగా, మలుపు రాకముందే చెయ్యి బారుగా చాపి, పోలీసు కమిషనర్లా. వెనక నేను, ఫస్టు గేరులో, స్టీరింగ్‌ని వాటేసుకుని. నా వెనక బస్సులు, ఆటోలు, స్కూటర్లు, అన్నీ హారన్లే. ఒక ఆటో అతను పక్కకొచ్చి, ముందున్న నాన్ననీ వెనకున్న నన్నూ మార్చి మార్చి చూసి, "ఏందమ్మా, బారాత్ తీస్తున్నరా? బ్యాండోళ్లు ఏరి?" అని అడిగి పోయాడు. నాన్న విన్నాడో లేదో, వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. అదే నాకు ఆశ్చర్యం. తన సైకిల్ని గోడకేసి అదిమిన మనిషి వెనకాల కారులో వస్తుంటే వెనక్కి చూడకుండా తొక్కడానికి ఎంత గుండె కావాలి! మైత్రీవనం ముందు కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్లకి మా వేగం బాగా నచ్చింది. నడుస్తున్నవాళ్లకే అందించలేక ఇబ్బందిపడే వాళ్లకి నా కిటికీ దేవుడిచ్చిన వరమైంది. ఇంటికొచ్చేసరికి నా ఒడినిండా జావా, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లీషు.

ఆదివారాలు గడిచేకొద్దీ నాన్న పరీక్షలు ముదిరాయి. చెప్పాపెట్టకుండా ఆగి కొత్తిమీర కొనేవాడు. తెలిసినవాళ్లు కనపడితే దిగి, సైకిలు రోడ్డువారగా పెట్టి, వాళ్ల ఇంటిల్లిపాదినీ పేరుపేరునా పలకరించేవాడు. నేను వెనకాల ఇంజను మోగించుకుంటూ కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక మార్కులు చెప్పేవాడు. "కొత్తిమీర దగ్గర బాగానే ఆగావు. గుంట దగ్గర నా మీదకొచ్చేశావు. సైకిలువాడికి గుంట కనపడితే పక్కకి తిప్పుతాడు, నీకు కనపడదు. అందుకే ఆ చోటు వదిలిపెట్టాలి, అది వాడిది." మేకుకి తాళాలు ఎక్కువసేపు వేలాడటం మానేశాయి. నాకు సెకండు గేరు కూడా వచ్చేసింది. అంతకుమించి అవసరం రాలేదు, నాన్న అంతకంటే వేగంగా తొక్కడు కాబట్టి.

ఒక శనివారం నాకు సెలవు. మధ్యాహ్నం భోజనం చేసి నాన్న పంజగుట్ట బయల్దేరుతూ "ఇవాళ అసలు రోడ్డు చూద్దువు గాని రా" అన్నాడు. అమ్మ కూడా ఎక్కింది. ఆదివారం రోడ్డు వేరు, పనిరోజు రోడ్డు వేరు. అమ్మ మొదట్లో హుషారుగానే ఉంది. "మీ నాన్న చొక్కా వెనకాల చూడు, ఎంత ఇస్త్రీ చేసినా నలిగిపోయింది" అంది. "కాలరు తిరగేసి కుట్టమని యాదగిరికి చెప్పాలి" అంది. తర్వాత ఒక బస్సు మమ్మల్ని దాటి, నాన్నని దాదాపు రాసుకుంటూ పోయింది. నాన్న సైకిలు రోడ్డంచు నుంచి మట్టిలోకి దిగి, ఊగి, మళ్లీ రోడ్డెక్కింది. ఒక కారువాడు ఎడమకి తిరగబోతూ నాన్నని చూడనేలేదు. నాన్న కాలు నేలకి ఆనించి ఆగి, వాడిని పోనిచ్చి, మళ్లీ ఎక్కాడు. అమ్మ కబుర్లు ఆగిపోయాయి. పెళ్లయినప్పట్నుంచీ ఆవిడ చూసిందల్లా గేటు దాకా వెళ్లే సైకిల్నే. గేటు అవతల ఏం జరుగుతుందో చారన్నం కబుర్లలోనే విన్నది, అవన్నీ నాన్న కల్పించి చెప్పే కథలనే అనుకుంది. నేనూ అంతే. నిజానికి నాన్న తగ్గించి చెప్పేవాడు. "రోజూ ఇలాగే వెళ్తారా ఈయన?" అంది అమ్మ, చాలా చిన్న గొంతుతో.

ఆ రాత్రి చారన్నం దగ్గర మాట్లాడింది అమ్మ. "ఏవండీ, ఇక ఆ సైకిలు చాలు. కారుందిగా, లల్లి దింపుతుంది మిమ్మల్ని" అంది. నాన్న ఆవిడ కళ్లలో నీళ్లు చూసి కంగారుపడ్డాడు. కాస్త మెత్తబడ్డాడు కూడా. "అది నడిపేది కారు కాదే, నా సైకిలు వెనక బండి. నేను ముందు లేకుండా అది రోడ్డు మీద వచ్చిన రోజున చూద్దాం, అప్పుడు ఎక్కుతా" అన్నాడు. అదొక ఒప్పందంలా అయింది మా ముగ్గురికీ.

మాట నిజం. ముందు సైకిలు లేకుండా నేను నడపలేను. మర్నాడే ఒంటరిగా వెళ్దామని బయటికి తీశాను, పంజగుట్ట వెళ్లి వచ్చి చూపిద్దామని. సందు దాటేసరికి బ్రేకు మీద నిలబడిపోయాను. ఎదురుగా ఒకాయన సైకిలుకి రెండువైపులా గ్యాస్ సిలిండర్లు కట్టుకుని పోతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనకాల చేరాను. ఆయన ఆగితే ఆగాను, తిరిగితే తిరిగాను. హాయిగా ఉంది. చాలాసేపటికి ఆయన సైకిలు దిగి, స్టాండు వేసి, నా కిటికీ దగ్గరికొచ్చాడు. "ఏంది మేడమ్, అమీర్‌పేట కెల్లి నా ఎనకనే వస్తున్నవ్? సిలిండర్ గిట్ల కావాల్నా?" అన్నాడు. చుట్టూ చూస్తే బేగంపేట. పంజగుట్టకీ దానికీ పొంతనే లేదు. దారి అడిగి, ఇంకొక పూలబుట్ట సైకిలాయన వెనకాల ఇంటికి చేరాను. ఈ కథ విని యాదగిరి బాబాయ్ మిషను ఆపి మరీ నవ్వాడు. "నయం బిడ్డా, ఆయన సిరిసిల్లకు పోతలేడు, లేకుంటె మా ఊర్ల తేలుదువు" అన్నాడు.

ఇప్పుడా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు నిలబడ్డాయి. నడుం నొప్పిగా ఉన్నరోజు నేను కూడా పైన చల్లటి పెట్టెలో కూర్చుని ఆ దారి మీదుగా పోతుంటాను. కిందకి చూస్తే కార్లు, కార్లు, కార్లు. నాన్న చెప్పే ఆ జాతి ఇంతగా వృద్ధిలోకి వస్తుందని ఆయన కూడా ఊహించి ఉండడు. పనికి పోయే సైకిళ్లు ఎక్కడో ఒకటీ అరా. ఇస్త్రీ బట్టలో, కొబ్బరిబోండాలో మోసుకుంటూ అంచున పోతుంటాయి. వ్యాయామం సైకిళ్లు ఎక్కువగా తెల్లవారుజామునే వచ్చి, ఎండెక్కకముందే మాయమవుతాయి. యాదగిరి బాబాయ్ షాపు చోట సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నాన్న పోయి చాలా ఏళ్లైంది. ఇవన్నీ బాగున్నాయా బాగాలేవా అంటే నేను తేల్చలేను. దూరం తగ్గింది, భయం తగ్గింది, ఎదుటివాడి వీపు చూసి మనవాడేమో అనుకోవడం కూడా తగ్గింది. ఆ చివరిది తగ్గకుండా ఉండాల్సింది.

ఆ ఒప్పందం అయ్యాక వచ్చిన వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. నేను ఆఫీసు నుంచి ముందే వచ్చేశాను. ఫోను మోగింది. పంజగుట్టలో ఏదో షాపు కాయిన్ బాక్సు నుంచి నాన్న. "లల్లీ, సైకిలు ఫ్రీవీలు పోయింది, తొక్కితే తిరగడం లేదు. ఇక్కడ రోడ్డంతా నీళ్లు, బస్సులు కూడా నిండిపోయి ఆగకుండా పోతున్నాయి. నెమ్మదిగా నడిపించుకుంటూ వస్తా. మీ అమ్మని కంగారుపడొద్దను" అన్నాడు. కారు తెమ్మనలేదు. ఆ మాట ఆయన నోట రాదు. "అక్కడే ఉండు నాన్నా" అని ఫోను పెట్టి తిరిగేసరికి అమ్మ ఎదురుగా తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికో తెలీదు.

వాన కాస్త తగ్గుముఖం పట్టింది. యాదగిరి బాబాయ్ షట్టరు సగం దించి చూస్తున్నాడు. "బిడ్డా, ముంగట సార్ లేడు గద, ఎట్ల పోతవ్? జర ఆగు, నా సైకిల్ తీస్త, నేను ముంగట పోత" అన్నాడు. ఆ వానలో, నిజంగానే సైకిలు బయటికి లాగబోయాడు. "వద్దు బాబాయ్" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నాన్న ఫోనులో నడిపించుకుంటూ వస్తా అన్నప్పుడు ఆ శనివారం ఆయన్ని రాసుకుంటూ పోయిన బస్సు గుర్తొచ్చింది. ఆ నీళ్లలో ఏది రోడ్డో ఏది గుంటో తెలీకుండా ఆయన చచ్చుబడ్డ సైకిల్ని తోసుకుంటూ ఆ బస్సుల పక్కన నడవడం నేను తలుచుకోలేకపోయాను. నా భయం కంటే అది పెద్దదైంది, అంతే.

మెయిన్ రోడ్డు ఎక్కాను. ముందు ఎవరూ లేరు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఒకాయన సైకిలు తొక్కుకుంటూ కనిపించాడు. వంగిన వీపు, అంటుకున్న చొక్కా. పాత అలవాటు కొద్దీ కారు ఆయన వెనకాలకి చేరబోయింది. ఈయన వెనకే పోతే నాన్న ఎంతసేపు నిలబడాలి? అంతవరకూ నేను ఒక్క సైకిల్నీ దాటలేదు. దాటాల్సిన పనే పడలేదు. అద్దంలో చూశాను, బాగా కుడికి జరిగాను, ఆయన గుంట తప్పించుకోవాలంటే కావలసినంత చోటు వదిలాను. దాటాను. ఆయనకి ఒక్క చుక్క నీళ్లు చిందలేదు. ఆయన తల కూడా తిప్పలేదు, తన పాటికి తాను తొక్కుతూనే ఉన్నాడు. నాకు మాత్రం గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. ఆ తర్వాత ఇంకొకరిని, తర్వాత ఇద్దరిని కలిపి దాటాను. థర్డు గేరు పడింది. అదొకటుందని అప్పటిదాకా వినడమే.

షాపు చూరు కింద సైకిలు పట్టుకుని నాన్న నిలబడి ఉన్నాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి, క్లిప్పులు కాళ్లకే ఉన్నాయి. కారు ఆయన పక్కన ఆపి అద్దం దించాను. నాన్న నన్ను చూడలేదు. కారు ముందు చూశాడు, వెనక చూశాడు, రోడ్డు పొడుగునా వెతికాడు.

"ఎవరి వెనకాల వచ్చావ్?" అన్నాడు.

"ఎవరి వెనకా కాదు నాన్నా. నేనే వచ్చాను."

నాన్న సైకిలు తీసుకెళ్లి షాపులో గోడకి చేర్చి, తాళం వేసి, షాపాయనకి రెండుసార్లు అప్పగింతలు పెట్టి వచ్చాడు. ముందు తలుపు తీసి, గడప దగ్గర విప్పినట్టు చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని ఎక్కాడు. "వేసుకో నాన్నా, పర్వాలేదు" అంటే "తడిసినవే" అని ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్నల్ దాటేదాకా ఆయన కుడికాలు కింద ఏదో వెతుకుతూ నేలని తొక్కుతూనే ఉంది. ముందు ఒక సైకిలు కనపడినప్పుడు ఊపిరి బిగబట్టాడు. నేను జరిగి చోటు వదిలి దాటాక, మెల్లగా వదిలాడు. రెండో సైకిలప్పుడు బిగబట్టలేదు. కారులో కొబ్బరినూనె వాసనా తడిబట్టల వాసనా నిండిపోయాయి. ఏదైనా అంటాడేమో, మార్కులు వేస్తాడేమో అని ఎదురుచూశాను. మా సందు మలుపు దగ్గర పక్కకి చూస్తే తల అద్దానికి ఆన్చి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ, ఒళ్లో చెప్పుల మీద రెండు చేతులూ పెట్టుకుని.

నేను సందులోకి తిప్పలేదు. ఆపితే లేస్తాడు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంటుందని తెలుసు, కాసేపు తిట్టుకోనీ అనుకున్నాను. సనత్‌నగర్ వైపు, ఆయన రోజూ తొక్కే దారిలోనే పోనిచ్చాను, నెమ్మదిగా, కుదుపు లేకుండా. బస్సులు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఎర్రగడ్డ దగ్గర కళ్లు తెరిచి, బయటికి చూసి, "ఇల్లు దాటిపోయావే" అన్నాడు.

"తెలుసు నాన్నా" అన్నాను.

నాన్న సీట్లో కాస్త సర్దుకుని, మళ్లీ కళ్లు మూసుకున్నాడు.